సెయింట్ కిల్డా: పక్షులు మిగిలాయి, తాడు పట్టే చేతులే మిగల్లేదు

ఊరు మొత్తానికి మూడే తాళ్లు. ఒక్కోటి 24 ఫాదమ్‌ల పొడవు, అంటే దాదాపు 44 మీటర్లు. రాయికి రాసుకుని తెగిపోకుండా వాటి చుట్టూ ఉప్పులో ఊరబెట్టిన ఆవు తోలును పొడవాటి పట్టీగా కోసి చుట్టేవాళ్లు. ఆ తాళ్లు ఏ ఒక్కరి మల్కియతూ కాదు, బస్తీ అందరివీ. అందరి ఇజాజత్ లేకుండా ఎవరూ వాటిని ముట్టుకోకూడదు. ఎప్పుడు వాడాలి, ఏ కొండ మీద వాడాలి, ఎవరు దిగాలి అన్నది చీటీలు వేసి తేల్చుకునేవాళ్లు.

ఈ సంగతి రాసిపెట్టినవాడు మార్టిన్ మార్టిన్. స్కాట్లాండ్‌లోని స్కై ద్వీపం మనిషి. 1697లో సెయింట్ కిల్డా వెళ్లి మూడు వారాలు ఉండి, 1698లో లండన్‌లో తన సఫర్‌నామా అచ్చు వేయించాడు. ఆ ద్వీపంవాళ్లు మాట్లాడే గేలిక్ జబాన్ అతనికి సొంత భాషే. అందుకే తర్జుమా చేసేవాడి అవసరం లేకుండా వాళ్లతో కూర్చుని మాట్లాడాడు. తర్వాత రెండు వందల ఏళ్లలో ఆ ద్వీపం గురించి రాసిన ఎందరికో ఆ భాగ్యం లేదు. వాళ్ల రాతల్లో ఆ లోటు కనిపిస్తుంది కూడా.

నేను ఈ ద్వీపం తారీఖ్‌ను పట్టుకుని కొన్ని నెలలు అయింది. ఎక్కడ చదివినా ఒకటే ఖిస్సా: పాపం గరీబు జనం, పక్షులు తిని బతికేవాళ్లు, కుదరత్‌తో పోరాడి ఓడిపోయారు, 1930లో ద్వీపం ఖాళీ చేసి వెళ్లిపోయారు. నాకు మాత్రం లెక్క అలా తేలడం లేదు. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపికగా వినండి.

ముందు ఆ జాగా ఎలాంటిదో చూడాలి. స్కాట్లాండ్‌కు పడమటగా ఉన్న ద్వీపాల వరస కూడా దాటి, నార్త్ యూయిస్ట్ నుంచి ఇంకో 64 కిలోమీటర్లు అట్లాంటిక్‌లోకి పోతే వస్తుంది సెయింట్ కిల్డా. ‘సెయింట్’ అన్నారని ఏదో వలీ పేరు మీద వెలిసిన ఊరనుకునేరు. కిల్డా అనే పేరుతో ఏ సెయింటూ లేడు. పటాలు గీసేవాళ్ల పొరపాటు వల్ల అంటుకున్న పేరని పండితులు అంటారు. జనం బతికింది హిర్తా అనే దీవిలో. అది ఏడు చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. పక్కన సోయ్, బోరెరే, డూన్ అనే చిన్న దీవులు. బోరెరే పక్కన సముద్రంలోంచి నిటారుగా లేచిన రెండు రాతి స్తంభాలు, స్టాక్ లీ, స్టాక్ యాన్ ఆర్మిన్. రెండోది 190 మీటర్లకు పైనే. మన చార్మినార్ మీద చార్మినార్ పెట్టుకుంటూ పోతే మూడింటిని దాటి నాలుగోదాని సగం దాకా పోవాలి ఆ ఎత్తు అందుకోవడానికి. హిర్తాలోని కొనాహెర్ కొండ 430 మీటర్లు. దాని ఒక పక్క నేరుగా సముద్రంలోకి తెగిపోయి ఉంటుంది.

చెట్టు అనేది ఒక్కటీ లేదు. ఉప్పుగాలికి బార్లీ, ఓట్స్ కొద్దికొద్దిగా పండేవి, ఒక్కో ఏడాది అవీ పండేవి కావు. చుట్టూ సముద్రం ఉంది కదా చేపలు పట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. పట్టేవాళ్లు, కానీ ఆ సముద్రంలోకి పడవ దించడం అంటే జాన్ పణంగా పెట్టడమే. పైగా వాళ్ల నోటికి చేప రుచించేది కాదు. కొవ్వు లేని తిండి అని పక్కన పెట్టేవాళ్లు. వాళ్ల రిజ్ఖ్ కొండల అంచుల మీద ఉండేది. ఏటా వసంతంలో లక్షల సముద్రపక్షులు గుడ్లు పెట్టడానికి ఆ కొండల మీదికి వచ్చేవి. ఇప్పటికీ వస్తాయి.

(ఆ పక్షులు మనకు హలాలా కాదా అని ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. ఆ మసలా ఆలిములను అడగండి. నేను రాసేది తారీఖ్.)

మూడు పక్షులు ముఖ్యం: గ్యానెట్, ఫుల్మర్, పఫిన్. గ్యానెట్ పెద్దబాతు అంత ఉండే తెల్ల పక్షి. చలికాలం చివర్లో మొదట వచ్చేది అదే. అప్పటికి ఇళ్లలో నిలవ తిండి అడుగంటి ఉండేది. రాత్రిపూట పడవలో స్టాక్ దగ్గరికి పోయి, చీకట్లో ఎక్కి, నిద్రపోతున్న పక్షులను పట్టాలి. ఆ పక్షుల గుంపుకు ఒక కాపలా పక్షి ఉంటుందని, ముందు దాన్ని చప్పుడు లేకుండా పడితేనే పని జరుగుతుందని పాత రాతల్లో ఉంది. అది అరిచిందా, మొత్తం గుంపు లేచిపోతుంది, రాత్రి మెహనత్ అంతా బర్బాద్. మేలో గుడ్లు. ఆగస్టులో ఫుల్మర్ పిల్లలు, సెప్టెంబరు నాటికి గ్యానెట్ పిల్లలు. వీటిని గూగా అంటారు, ఎగరడం రాకముందు కొవ్వు పట్టి తల్లికన్నా బరువుంటాయి.

ఫుల్మర్ సంగతి వేరు. దగ్గరికి పోతే నోట్లోంచి కంపు కొట్టే నూనెను మనిషి మొహం మీదికి చిమ్ముతుంది. అది చిమ్మేలోపు పట్టుకుని మెడ తిప్పేయాలి. ఎందుకంటే ఆ నూనె పారేసుకునేది కాదు. దీపానికి అదే, దవాకు అదే, కిరాయి కట్టడానికీ అదే. ఆ నూనెను ఎండబెట్టిన గ్యానెట్ కడుపు సంచుల్లో నింపి దాచేవాళ్లు. 1878 వరకూ బ్రిటన్ మొత్తంలో ఫుల్మర్ గూడు పెట్టే చోటు ఈ సెయింట్ కిల్డా ఒక్కటే. అంటే ఈ ఇల్మ్ కూడా వేరెవరి దగ్గరా దొరికేది కాదు.

పఫిన్ చిన్నది, రంగురంగుల ముక్కు పక్షి, నేలలో బొరియ చేసుకుంటుంది. గుర్రపు వెంట్రుకలతో ఉచ్చులు అల్లి పట్టేవాళ్లు. ఇది ఎక్కువగా ఆడవాళ్ల పని. పెళ్లికాని ఆడపిల్లలు బోరెరే దీవిలో రోజుల తరబడి ఉండి పఫిన్‌లను పట్టి, ఈకలు పీకి, మూటలు కట్టి, పడవ కోసం ఇంతెజార్ చేసేవాళ్లు. కొండ దిగే మగవాళ్ల ఫోటోలు వేలకొద్దీ ఉన్నాయి, ఈ పిల్లల గురించి మాత్రం నాలుగు వాక్యాలు దొరకడమే గగనం. పొద్దున ఓట్స్ గంజిలో ఒక పఫిన్ వేసి ఉడకబెడితే అదే నాష్తా.

పక్షులే కాదు. రాళ్లకు అంటుకుని ఉండే లింపెట్ నత్తలు, ఎర్రటి సముద్రపు నాచు, పుల్లకూర లాంటి ఆకులు, సిల్వర్‌వీడ్ అనే మొక్క వేళ్లు, ఇవన్నీ ఏరుకునేవాళ్లు. వీటి గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. వంగి ఏరుకునే పనిలో తమాషా ఏముంటుంది చూసేవాడికి!

ఇంత తిండి వేసవిలోనే వస్తుంది కదా, చలికాలానికి ఎలా? ఉప్పు అరుదు. ఫ్రిజ్ అనే మాట లేదు. వాళ్లు చేసింది చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి చిన్న చిన్న గూళ్లు కట్టారు. పైకప్పు మీద గడ్డి పెళ్లలు. వీటిని క్లీట్ అంటారు. రాళ్ల సందుల్లోంచి గాలి దూసుకుపోతుంది, వాన మాత్రం లోపలికి రాదు. పక్షుల మాంసం ఆ గాలికే ఎండి నెలల తరబడి ఉండేది. గుడ్ల అడుగునా చుట్టూ బూడిద పోసి ఆరు నుంచి ఎనిమిది నెలలు నిలవ ఉంచేవాళ్లని మార్టిన్ రాశాడు. ఒక్క హిర్తాలోనే ఇలాంటి క్లీట్లు 1,200కు పైగా ఉన్నాయి. ఆ జమానాలో ఆ ఊరి జనం 180 మంది. పంటను పాడుచేసిన ఆ గాలినే గోదాముగా మార్చుకున్నారు.

మార్టిన్ ఇచ్చిన లెక్క ఒకటి చూడండి. అతనితో పడవలో వచ్చినవాళ్లు అరవై మంది దాకా ఉన్నారు. ఆ మెహ్మాన్లకు ఊరివాళ్లు మూడు వారాల్లో పెట్టిన గుడ్లు 16,000. మొదట్లో మనిషికి రోజుకు 18 గుడ్లు. చిన్న గుడ్లూ కాదు. అంతకు ముందటి ఏడాది ఊరు పట్టిన గ్యానెట్లు 22,600 అని కూడా రాశాడు. ఇది ఫాఖాలతో మాడే ఊరి లెక్క కాదు.

ఇక కొండ దిగే హునర్ గురించి. అది లేనివాడికి పెళ్లే అయ్యేది కాదట! కొండ అంచున ఒక రాయి ఉంది, దర్వాజా ఆకారంలో. పెళ్లి చేసుకోవాలనుకునే కుర్రాడు ఆ రాతి అంచు మీద ఎడమ మడమ ఆనించి, సగం పాదం గాల్లో ఉంచి, కుడికాలు ముందుకు చాపి, వంగి రెండు పిడికిళ్లూ ఆ కాలికి తాకించాలి. అప్పుడు వాడు ఇంటిని పోషించగలడని ఊరు ఒప్పుకునేది. మార్టిన్‌ను కూడా చేసి చూడమన్నారు. ఇది చేస్తే పెళ్లికూతురూ దక్కదు, ప్రాణమూ దక్కదని అతను తప్పుకున్నాడు. అఖల్ ఉన్న మనిషి.

అసలు మాటకొస్తాను. ఒక్క మనిషికి ఎంత హునర్ ఉన్నా అక్కడ అది చాలేది కాదు. తాడు చివర దిగేవాడు ఒకడు, పైన పట్టేవాడు ఇంకొకడు. స్టాక్ మీదికి పోవాలంటే పడవ నడపడానికి నిండా మనుషులు ఉండాలి. దించినవాళ్లను మళ్లీ తెచ్చుకోవడానికి ఆ పడవే మళ్లీ పోవాలి. మార్టిన్ వెళ్లినప్పుడు ఊరికి ఉన్నది ఒక్కటే పడవ, అందులో ప్రతి ఇంటికీ హిస్సా. కొండలు కూడా ఇళ్లవారీగా పంచుకుని, ఆ వాటాలను ఎప్పటికప్పుడు మార్చుకునేవాళ్లు, మంచి కొండ ఎప్పుడూ ఒకరికే దక్కకుండా. ఉమ్మడిగా పోయిన వేటలో పట్టిన పక్షులన్నీ కుప్పపోసి తఖ్సీమ్ చేసేవాళ్లు. కొండెక్కలేని ముసలివాళ్లకు, బీమారుగా ఉన్నవాళ్లకు, బేవాలకు కూడా హిస్సా వెళ్లేది. ఆదివారం తప్ప రోజూ పొద్దున మగవాళ్లంతా వీధిలో నిలబడి ఇవాళ ఏ పని అని మష్వరా చేసుకునేవాళ్లు. సర్దార్ లేడు. బయటివాళ్లు దానికి ‘పార్లమెంట్’ అని పేరు పెట్టారు, సగం మెచ్చుకోలు, సగం మజాక్. ఒక్కోసారి మాటలతోనే మధ్యాహ్నం అయ్యేదని కూడా వెక్కిరించారు. పాతిక ప్రాణాలు ఒక తాడుకు వేలాడే పని గురించి మధ్యాహ్నం దాకా మాట్లాడుకుంటే తప్పేముందో నాకు అర్థం కాలేదు.

1727 సంగతి వింటే ఈ చేతుల లెక్క బాగా తెలుస్తుంది. అంతకు ముందు ఏడాది ఒక హిర్తా మనిషి హారిస్ ద్వీపానికి పోయి చేచక్‌తో, అంటే మశూచితో, అక్కడే చనిపోయాడు. మరుసటి ఏడాది అతని బట్టలు ఊరికి తెచ్చారు. ఆగస్టులో ముగ్గురు మగవాళ్లను, ఎనిమిది మంది పిల్లలను స్టాక్ యాన్ ఆర్మిన్ మీద దించారు. కొన్ని రోజులు పక్షులు పట్టుకుని తిరిగి రావాల్సినవాళ్లు. పడవ వెనక్కి పోయింది. మళ్లీ రాలేదు.

ఊళ్లో వబా పాకింది. ఎక్కువమంది చనిపోయారు. పడవను నీళ్లలోకి దించి నడపగలిగినంత మంది మిగల్లేదు. ఆ పదకొండు మందికి ఈ ఖబర్ చేర్చేవాళ్లు కూడా లేరు. శరత్కాలం, చలికాలం, వసంతం, తొమ్మిది నెలలు ఆ రాయి మీదే ఉన్నారు. పక్షులు, చేపలు తింటూ ఉన్నారు. రోజూ నీళ్లకు అవతల తమ ఊరి దిక్కు చూస్తూ, ఎవరూ ఎందుకు రావడం లేదని ఏమేమి అనుకుని ఉంటారో! 1728 మే 13న జమీందారు తరఫు మనిషి తన పడవలో ఏటా వచ్చినట్టే వచ్చినప్పుడు గానీ వాళ్లు దిగలేదు. పదకొండు మందీ బతికే ఉన్నారు. ఊళ్లో ఉన్నవాళ్లు పోయారు, చెట్టూ పొయ్యీ లేని రాతి మీద ఉన్నవాళ్లు బతికారు. తర్వాత హారిస్, స్కై ద్వీపాల నుంచి కొత్త కుటుంబాలను తెచ్చి ఊరును మళ్లీ నింపారు.

నింపింది ఎవరనేది కూడా చెప్పాలి. ద్వీపం డన్వెగన్ మెక్లాయిడ్ల జాగీరు. కిరాయి నగదుగా కాదు, ఈకలుగా, నూనెగా, బార్లీగా, నేసిన బట్టగా కట్టేవాళ్లు. ఆ ఈకలు బయట పరుపుల్లోకి పోయేవి. జమీందారుకు ఊరు ఉంటేనే ఈకలు. అదలా ఉంచి, ఈ జనాన్ని ఫరిష్తాలుగా చూపించడం కూడా నాకు ఇష్టం లేదు. 1840 ప్రాంతంలో స్టాక్ యాన్ ఆర్మిన్ మీద ఎగరలేని ఒక పెద్ద పక్షి దొరికింది. గ్రేట్ ఆక్ అంటారు. మూడు రోజులు కట్టేసి ఉంచారు. తుఫాను లేస్తే, అది జాదూగర్నీ అని, తుఫాను దాని పనేనని కొట్టి చంపారు. బ్రిటన్‌లో కనిపించిన ఆఖరి గ్రేట్ ఆక్ అదేనంటారు. ఇంకో పదేళ్లలోపే ఆ జాతి దునియాలోనే లేకుండా పోయింది. అయితే దాన్ని ఆ గతికి తెచ్చింది హిర్తా తాళ్లు కావు. ఉత్తర అట్లాంటిక్ అంతటా ఓడలవాళ్లు మాంసానికీ ఈకలకూ కర్రలతో కొట్టి చంపిన ఫలితం అది.

చేతులు తగ్గడం ఎప్పుడు మొదలైంది? 1852లో 36 మంది ఆస్ట్రేలియా పోయే ఓడ ఎక్కారు. వాళ్లలో దాదాపు సగం మంది దారిలోనే రోగాలతో పోయారు. ఇక ఇంట్లో మిగిలినవాళ్లకు పుట్టిన పిల్లలు దక్కేవాళ్లు కాదు. 19వ శతాబ్దంలో చాలా కాలం పుట్టిన పసిబిడ్డల్లో మూడింట రెండు వంతుల మంది వారం పది రోజుల్లోనే ధనుర్వాతంతో పోయారు. బొడ్డుకు పక్షి నూనె రాయడం వల్ల అని కొందరు వాదించారు, అందరూ ఒప్పుకోలేదు. 1890లలో అక్కడి పాదరీ ఆంగస్ ఫిడెస్ బయటికి పోయి, ప్రసవం వేళ శుభ్రత ఎలా పాటించాలో నేర్చుకుని వచ్చి ఆ మౌత్‌లను ఆపాడు. అప్పటికే రెండు మూడు తరాల చేతులు మట్టిలో కలిసిపోయాయి. తిండికి కరువు లేని ఊళ్లో, తల్లుల ఒడులు ఖాళీ.

1877 నుంచి వేసవిలో స్టీమర్లు వచ్చాయి. సైలానీలు దిగి, కొండ దిగి చూపించమని పైసలు ఇచ్చి, గుడ్లు కొని, ఫోటోలు తీసుకుని, సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు. పైసలతో చాయపత్తా, చక్కెర, గోధుమపిండి వచ్చాయి. బయట ఈకలకూ నూనెకూ ధర పడిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళంవాళ్లు ఇక్కడ వైర్‌లెస్ పెట్టారు. ఊరివాళ్లకు జీతాలు, క్రమంగా ఉత్తరాలు. 1918 మేలో జర్మన్ సబ్‌మెరైన్ ఒకటి వచ్చి ఆ వైర్‌లెస్ మీద గుండ్లు పేల్చింది, మనుషులెవరికీ ఏమీ కాలేదు. యుద్ధం అయ్యాక జీతాలు పోయాయి, జవాన్లకు మాత్రం బయటి దునియా రుచి తెలిసిపోయింది. ఒక్కొక్కరే వెళ్లారు. 1921లో 73 మంది. 1930కి 36.

దీన్ని నేను తప్పుపట్టను. కొండ అంచున ప్రాణం వేలాడేసుకుని బతకమని ఎవరి బిడ్డకు చెప్తాం? కానీ ఆ బతుకు ఏ రకం లెక్కో చూడండి. ఏ ఊళ్లోనైనా పది మంది పోతే మిగిలినవాళ్లకు కొంచెం ఎక్కువ మిగులుతుంది. ఇక్కడ పది మంది పోతే పడవ కదలదు. పడవ కదలకపోతే, అవతల రాతి మీద లక్ష పక్షులున్నా ఒక్కటీ దస్తర్‌ఖాన్ మీదికి రాదు.

1930 జనవరిలో జబ్బుపడిన ఒక స్త్రీని గ్లాస్గో ఆసుపత్రికి చేర్చారు, ఆమె అక్కడే చనిపోయింది. ఆ దెబ్బకు ఊరు వంగిపోయింది. అక్కడ పనిచేస్తున్న నర్సు ఇంటింటికీ తిరిగి నచ్చజెప్పింది. మే 10న ఇరవై మంది సంతకాలతో హుకూమత్‌కు దర్ఖాస్తు పంపారు. అందులో పక్షులు దొరకడం లేదని లేదు. మగవాళ్లు తగ్గిపోయారు, ఉన్న కొద్దిమందిలో కొందరు పోవాలని నిర్ణయించుకున్నారు, గొర్రెలను చూసేది, మగ్గం నేసేది, బేవాల బాగోగులు చూసేది వాళ్లే, వాళ్లు పోతే మాకు ఇంకో చలికాలం గడవదు అని ఉంది. బేవాల మాట ఆ కాగితంలోకి ఎక్కింది. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను.

ఆగస్టు 29 పొద్దున ప్రతి ఇంట్లో ఒక బైబిలు తెరిచి పెట్టి, పక్కన గుప్పెడు ఓట్స్ పోసి, తలుపులు మూసి, ‘హేర్‌బెల్’ అనే నౌకాదళ ఓడ ఎక్కారు. గొర్రెలను అంతకుముందే పంపేశారు. కుక్కలను సముద్రంలో ముంచేశారు. అది ఫుల్మర్ పిల్లలు కొవ్వు పట్టి కొండలు నిండుగా ఉండే నెల.

హుకూమత్ ఆ మగవాళ్లలో చాలామందికి లోకాలైన్ దగ్గర నౌకరీలు ఇచ్చింది, అడవుల శాఖలో. పుట్టి బుద్ధెరిగి ఒక్క చెట్టు కూడా లేని నేల మీద బతికినవాళ్లకు చెట్లు నాటే పని. ఆ ఓడ ఎక్కినవాళ్లలో ఆఖరి మనిషి 2016లో, 93 ఏళ్ల వయసులో పోయింది. ద్వీపం వదిలిన రోజు ఆమెకు ఎనిమిదేళ్లు.